నిండుసున్న

‘హెవీ అయాన్’ అన్న మాటకు తెలుగేమిటని ఈమధ్య ఒక బ్లాగ్మిత్రులు అడిగారు. కొందరు ‘భారీ అయాన్’ అని రాస్తున్నారు. భారీ హిందీ నుంచి వచ్చింది, అయాన్ గ్రీకు నుంచి వచ్చింది, తెలుగు వంతుకు విభక్తి ప్రత్యయం మాత్రమే మిగిలింది. నాకు తోచినది ‘గురుకేంద్రకం’. ఛందస్సు చదువుకున్నవారికి గురువంటే బరువైనదని విడమరచి చెప్పనక్కరలేదు. సీసం, బంగారం వంటి బరువైన మూలకాల పరమాణువుల నుంచి ఎలక్ట్రానులను ఒలిచివేయగా మిగిలిన కేంద్రకాలే ఈ అయాన్లు. వాటిని కాంతివేగానికి అతి సమీపమైన వేగంతో ఎదురెదురుగా పరుగెత్తించి ఢీకొట్టించే యంత్రాలను కొలైడర్లు అంటారు. ఆ ఢీకొట్టడాన్ని ఇకపై సంఘాతం అంటాను.

ఒక మాట కోసం వెతకబోయి కొన్ని నెలలు ఆ విషయంలోనే మునిగిపోయాను. నేను తెలుగు పండితుణ్ణి. భౌతికశాస్త్రం నాకు స్టాఫ్‌రూములో పక్క కుర్చీ శాస్త్రం. అయినా, బరువును గురించిన చరిత్ర అనుకొని చదవడం మొదలుపెట్టినది కొంతదూరం పోయేసరికి శూన్యాన్ని గురించిన చరిత్రగా తేలింది. అందులో మన ఉత్తరాంధ్రకు, మన ఊళ్ల మీదుగా పోయే రైలుమార్గానికి కూడా కాస్త చోటున్నది. అందుకే ఈ టపా.

గురులఘువులు చెప్పేటప్పుడు పిల్లలకు ఒక సూత్రం ఉంటుంది. నిండుసున్నతో కూడిన అక్షరం గురువు. అరసున్నతో కూడినంత మాత్రాన ఏ అక్షరమూ గురువు కాదు. (అరసున్న ఇప్పుడు అచ్చులోనే కనబడదు, ఆ దుఃఖం మరొక టపాకు.) లోపల ఏమీ లేని గుండ్రని గుర్తు ఒకటి పక్కన చేరగానే అక్షరానికి బరువు వస్తున్నది. పైగా దానిని మనవాళ్లు ‘నిండు’ సున్న అన్నారు. ఇరవయ్యవ శతాబ్దపు భౌతికశాస్త్రం పరమాణు కేంద్రకాన్ని గురించి చెప్పిన సంగతి ఇంచుమించు ఇటువంటిదే. కేంద్రకంలో ప్రోటాన్లు, న్యూట్రాన్లు ఉంటాయని మనం బడిలో చదివాము. ఒక్కొక్క ప్రోటాన్‌లో క్వార్కులనే ఇంకా చిన్న కణాలు మూడు ఉన్నాయి. ఆ మూడింటి బరువు కూడితే ప్రోటాన్ బరువులో నూటికి ఒక పాలు మాత్రమే వస్తుంది. తక్కినదంతా క్వార్కుల చలనంలోను, వాటిని పట్టి ఉంచే గ్లూఆన్ క్షేత్రంలోను ఉన్న శక్తి. ఆ క్వార్కులు ఒంటరిగా బయటికి రాకుండా ఉండడానికి కారణం వాటి చుట్టూ ఉన్న శూన్యమేనని, ఆ శూన్యం ఉత్తది కాదని, ఒక ప్రత్యేకస్థితిలో నిండి ఉన్నదని సిద్ధాంతకర్తలు అంటారు.

ఇక్కడ ఒక హెచ్చరిక. ఈ పోలిక నా సౌకర్యం కోసం చెప్పుకున్నది. మన లాక్షణికులకు క్వార్కులు తెలుసునని నేను అనడం లేదు. వంశధార ఒడ్డున శాలిహుండం ఉంది కనుక, బౌద్ధులు శూన్యవాదం చెప్పారు కనుక, కొలైడరు మనదేనని వాదించేవారు అంతర్జాలంలో చాలామంది ఉన్నారు. అటువంటి వాదాన్ని గురజాడవారు విజయనగరంలో కూర్చొని నూరేళ్లకు పూర్వమే నవ్వులపాలు చేసి పెట్టారు. కన్యాశుల్కం చదివిన మనకు మళ్లీ చెప్పించుకోవలసిన అవసరం ఉండరాదు.

శూన్యాన్ని కరిగించి చూడవచ్చునన్న ఆలోచనకు మొదటి పెద్ద పలుకు త్సుంగ్ డావ్ లీ అనే చైనీయ అమెరికన్ శాస్త్రవేత్తది. 1957లో నోబెల్ బహుమతి పొందినవాడు. 1974లో న్యూయార్కు రాష్ట్రంలోని బేర్ మౌంటెన్ అనే చోట జరిగిన సదస్సు నాటికి ఆయన ఈ విషయం గట్టిగా పట్టుకున్నాడు. ఆయన వాదన నా మాటల్లో ఇది: ఇంతవరకు మనం అంతకంతకు ఎక్కువ శక్తిని అంతకంతకు చిన్న చోట కుక్కి చూస్తున్నాము. శూన్యపు స్వభావం తెలియాలంటే ఎక్కువ శక్తిని కొంత విశాలమైన చోట పరచి చూడాలి. రెండు ప్రోటాన్లు ఢీకొంటే అది రెండు గోళీల తాకిడి. రెండు సీసపు కేంద్రకాలు ఢీకొంటే ఒక్కొక్కదానిలో ఇన్నూట ఎనిమిది కణాలు, అన్నీ ఒకేసారి. అంత రద్దీలో చుట్టూ ఉన్న శూన్యమే స్థితి మారి, క్వార్కులు కొద్దిక్షణం విడివడి తిరగవచ్చు. ఆ ‘కొద్దిక్షణం’ ఎంతటిదంటే, సెకనును లక్ష కోట్ల భాగాలు చేసి, అందులో ఒక భాగాన్ని మళ్లీ పదివేల కోట్ల భాగాలు చేస్తే వచ్చే ముక్క వంటిది. అంతలోనే అంతా చల్లారి, వేలకొలది కణాలుగా చెదరిపోతుంది. శాస్త్రజ్ఞులకు దొరికేది ఆ చెదరిన కణాలే. పెళ్లివారు వెళ్లిపోయిన పందిట్లో విస్తళ్లు లెక్కపెట్టి వంటకాలేమిటో చెప్పడం వంటి పని.

ఈ పనికి మొట్టమొదట కావలసినది ఇంకొక రకం శూన్యం. గాలి తోడివేసిన గొట్టం. దారిలో గాలి అణువు ఒక్కటి అడ్డుపడినా కేంద్రకం దారి తప్పుతుంది. జెనీవా వద్ద సెర్న్ సంస్థవారి లార్జ్ హాడ్రాన్ కొలైడర్ ఇరవై ఏడు కిలోమీటర్ల చుట్టు. దాని గొట్టాలలో మిగిలి ఉండే పీడనం మనం పీల్చే గాలి పీడనంలో పది లక్షల కోట్లవ వంతు. గాలి తోడడమనే ఈ విద్యపై ఒక తెలుగువాడు ఇంగ్లీషులో గ్రంథం రాశాడని, ఆయన చివరకు మన వాల్తేరులోనే పనిచేశాడని మనలో ఎందరికి తెలుసు?

ఆయన స్వామి జ్ఞానానంద. 1896లో భీమవరం దగ్గర గొరగనమూడిలో భూపతిరాజు లక్ష్మీనరసింహరాజుగా పుట్టారు. హిమాలయాలలో యోగసాధన చేసి, సన్యాసిగానే ఐరోపాకు వెళ్లి, జర్మనీలో కొత్త భౌతికశాస్త్రం రుచి చూసి అటు మళ్లారు. ప్రాగ్ నగరంలో ఎక్స్ కిరణాల వర్ణపటాలపై పనిచేశారు. లివర్‌పూల్‌లో న్యూట్రాన్‌ను కనుగొన్న చాడ్విక్ వద్ద బీటా కిరణాలపై పరిశోధించారు. రెండవ ప్రపంచయుద్ధకాలంలో అమెరికాలో మిషిగన్ విశ్వవిద్యాలయంలో ఉన్నారు. 1947లో ‘హై వాక్యూవా’ అనే పేరుతో ఆయన పుస్తకం వెలువడింది. పేరులోనే ఉన్నది విషయం. అధమ పీడనాలను సాధించే పంపులు, కొలిచే సాధనాలు, కారే చోట్లను పట్టుకొనే ఉపాయాలు. 1954లో ఉపాధ్యక్షులు వాసిరెడ్డి శ్రీకృష్ణగారు పిలవగా ఆంధ్ర విశ్వకళాపరిషత్తుకు వచ్చి, అక్కడ న్యూక్లియర్ ఫిజిక్స్ శాఖను నిలబెట్టారు. 1969లో కన్నుమూశారు. ఇప్పటికీ అక్కడి ప్రయోగశాలలకు ఆయన పేరే.

శ్రీకాకుళం, విజయనగరం పిల్లలకు చాలాకాలం ఎమ్మెస్సీ అంటే వాల్తేరే. ఆ తరంలో ఫిజిక్సు పంతుళ్లయినవారు అనేకులు ఆ శాఖ గడప తొక్కినవారే. కాషాయం కట్టిన ఆచార్యుడు పాదరసపు పంపు దగ్గర నిలబడి ఉండడం వారికి వింత కాదు. జ్ఞానానందగారు గురుకేంద్రక సంఘాతాలపై పనిచేయలేదు, ఆనాటికి అటువంటి కొలైడర్లే లేవు. ఆయన చేసినది అంతకు పూర్వపు పని, గొట్టంలో శూన్యం సాధించడం. నాకు ఆయనలో నచ్చే సంగతి మరొకటి ఉన్నది. ధ్యానంలో ఎరిగిన శూన్యాన్ని పంపుతో తోడిన శూన్యంతో ముడిపెట్టి తేలికగా కీర్తి గడించే అవకాశం ఆయనకు ఉన్నంతగా మరెవరికీ లేదు. వాక్యూమ్ పుస్తకంలో మాత్రం ఆయన వాక్యూమ్ గురించే రాశారు.

ఇక రైలుమార్గం సంగతి. 1936 ఏప్రిల్ 1న ఒడిషా వేరు రాష్ట్రమయ్యేదాకా చికాకోలు మద్రాసు రాజధానిలోని గంజాం జిల్లాలోనిది. ఆనాడు గీసిన గీత కాగితం మీదిది. జనం రాకపోకలు మానలేదు. బరంపురంలో నేటికీ తెలుగు వినబడుతుంది. మన జిల్లాల నుంచి ఖరగ్‌పూర్ రైల్వేకు, కలకత్తా దరి జనపనార మిల్లులకు తరాల తరబడి పనికి వెళ్లారు. ఆమదాలవలసలో రైలెక్కితే ఒక పూటకు భువనేశ్వరం, మరొక పూటకు కలకత్తా. మనవారు కూలికి వెళ్లిన ఆ దారి వెంబడే, ఆ రెండు నగరాలలోనే, భారతదేశపు గురుకేంద్రక విజ్ఞానం పుట్టింది. కలకత్తాలో వేరియబుల్ ఎనర్జీ సైక్లోట్రాన్ కేంద్రం, భువనేశ్వరంలో ఒడిషా ప్రభుత్వం 1972లో స్థాపించిన ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫిజిక్స్. దీనికి సూత్రధారి బికాశ్ సిన్హా అనే వంగీయుడు. 2023లో పరమపదించారు. చండీగఢ్, జైపూర్, జమ్ము విశ్వవిద్యాలయాలు కూడా ఇందులో చేయి కలిపాయి.

వీరు చేసిన పరికరం పేరు ఫోటాన్ మల్టిప్లిసిటీ డిటెక్టర్. తెలుగులో చెప్పాలంటే కాంతికణాలను లెక్కపెట్టే పలక. 1990ల ఆరంభంలో సెర్న్‌లో డబ్ల్యుఏ-93 అనే ప్రయోగంలో మొదటిది పెట్టారు. తరువాతిది డబ్ల్యుఏ-98లో. అందులో యాభైవేలకు పైగా చిన్నచిన్న ప్లాస్టిక్ పలకలు. ఒక్కొక్కదానికి కాంతిని మోసుకుపోయే తంతువు. ఒక్కొక్కటీ మనుషులు చేతులతో అతికి, చుట్టి, పరీక్షించవలసినవే. అప్పటికి గురుకేంద్రక కొలైడరు లేదు. కదలని సీసపు రేకుపైకి సీసపు కేంద్రకాలను వదిలేవారు.

ఈ పలకతో వెతికిన వస్తువేమిటో చెప్పితే శూన్యం కథ మళ్లీ మొదలవుతుంది. సంఘాతంలో పుట్టే కణాలలో పయాన్లనేవి అధికం. అవి మూడు రకాలు: ధనావేశం కలవి, ఋణావేశం కలవి, ఏ ఆవేశమూ లేనివి. మామూలుగా మూడు రకాలూ సమభాగాలుగా పుడతాయి. ఆవేశం లేనిది పుట్టగానే రెండు కాంతికణాలుగా విడిపోతుంది. కనుక కాంతికణాలను లెక్కపెడితే దాని వాటా తెలిసిపోతుంది. ఇప్పుడు, శూన్యమంతా ఒక దిక్కుకు వాలి ఉన్న వరిచేను అనుకోండి. సంఘాతపు వేడికి ఒక మడిలో చేను నిటారుగా లేచి, చల్లారేటప్పుడు పక్క మళ్లతో నిమిత్తం లేకుండా వేరొక దిక్కుకు వాలితే ఏమవుతుంది? ఆ మడి నుంచి వచ్చే పయాన్లలో సమభాగాల లెక్క తప్పుతుంది. ఒకసారి అన్నీ ఆవేశం కలవే రావచ్చు. మరొకసారి అన్నీ ఆవేశం లేనివే రావచ్చు. బొలీవియాలో అయిదు వేల మీటర్లకు పైబడిన చకల్తాయా పర్వతం మీద బ్రెజిల్, జపాన్ శాస్త్రజ్ఞులు 1972లో అంతరిక్షకిరణాల జల్లులో ఇటువంటి వింత ఒకటి చూశామన్నారు. దానికి సెంటారో అని పేరు పెట్టారు. అప్పటినుంచి అది ఒక ఆశ. దొరికితే శూన్యం ఒక పదార్థంవలె దిశ మార్చుకోగలదని కళ్లారా చూసినట్లే.

మన పలక ఒకవైపు, ఆవేశం కలిగిన కణాలను లెక్కించే సిలికాన్ పరికరం మరొకవైపు. ఒక్కొక్క సంఘాతానికి రెండు అంకెలు. వేలకు వేల సంఘాతాలు. లెక్క తప్పిన మడి ఒక్కటీ కనబడలేదు. 1998లో ప్రచురించారు: ఆధారం లేదు, ఉన్నా ఇంతకు మించి ఉండదు అని హద్దు. అంతటితో వదలక, చిన్న చిన్న మళ్లుగా విడదీసి మళ్లీ వెతికారు. మళ్లీ హద్దే వచ్చింది.

దీనిని గురించి నేను చాలాసేపు ఆలోచించాను. యాభైవేల పలకలు అతికిన చేతులు, భువనేశ్వరంలోను కలకత్తాలోను యౌవనంలో కొన్ని ఏళ్లు దీనికే ధారపోసి డాక్టరేట్లు తీసుకున్న పిల్లలు. చివరికి పట్టంలో రాసుకున్నది ‘కనబడలేదు’ అని. మన సాహిత్యపరిశోధనలో ఇట్లా రాసినవారిని నేను చూడలేదు. ఫలానా కవి ఫలానా ఊరివాడనడానికి ఆధారం దొరకలేదని సిద్ధాంతగ్రంథం రాసి ఒప్పించుకున్నవారు మనలో ఎవరున్నారు? ఒక ఊరు చూపించవలసిందే, లేకుంటే పట్టం రాదు. ఆ శాస్త్రంలో మాత్రం సున్న కూడా ఒక అంకె. ఎక్కడిదాకా వెతికామో, ఎంత సన్నని జల్లెడ పట్టామో చెప్పితే ఆ సున్నకు విలువ వస్తుంది. వెతకక రాసిన సున్న అరసున్న. వెతికి రాసినది నిండుసున్న. ఇది నా వర్గీకరణ, వారిది కాదు.

అదే పలక కొత్త రూపంలో అమెరికాకు కూడా వెళ్లింది. న్యూయార్కు దగ్గర లాంగ్ ఐలండ్‌లోని బ్రూక్‌హేవెన్‌లో రిక్ అనే కొలైడరు 2000లో మొదలైంది. గురుకేంద్రకాలను ఎదురెదురుగా ఢీకొట్టించిన మొదటి యంత్రం అదే. అక్కడ బంగారంతో బంగారాన్ని కొట్టారు. పాతికేళ్లు పనిచేసింది. అక్కడి స్టార్ ప్రయోగంలో మనవారి పలకకు తేనెపట్టు వంటి ఆరు పలకల గళ్లు, ఎనభైవేలకు పైగా, లోపల వాయువు. జెనీవాలోని ఆలిస్ ప్రయోగానికీ ఒకటి చేసి పంపారు. 2000 ఫిబ్రవరిలో సెర్న్‌వారు, క్వార్కులు విడివడిన కొత్త పదార్థస్థితికి ఆధారాలున్నాయని ప్రకటించారు. 2005లో బ్రూక్‌హేవెన్‌వారు ఆ పదార్థం వాయువులా కాక ద్రవంలా, అదీ ఇంచుమించు జిగట అన్నదే లేని ద్రవంలా ప్రవహిస్తున్నదన్నారు. వేడి నాలుగు లక్షల కోట్ల డిగ్రీలు, సూర్యగర్భానికి రెండున్నర లక్షల రెట్లు. ఈ విజయగాథ పత్రికలలో వచ్చినదే, నేను మళ్లీ చెప్పను.

భయాల కథ చెప్పాలి. 1999లో రిక్ తలుపులు తెరవకముందే, ఆ సంఘాతంలో ‘స్ట్రేంజ్‌లెట్’ అనే వింత పదార్థపు తునక పుట్టి, తాకినదానినల్లా తనవలె మార్చుకుంటూ భూమిని మింగివేస్తుందేమోనని అమెరికాలోను, ఇంగ్లండులోను పత్రికలు రాశాయి. అటువంటి పదార్థం ఉండవచ్చునని 1984లో విట్టెన్ అనే సిద్ధాంతకర్త ప్రతిపాదించిన మాట నిజమే. బ్రూక్‌హేవెన్‌వారు నలుగురు శాస్త్రజ్ఞులను కూర్చోబెట్టి విచారింపజేశారు. వారు చెప్పిన సమాధానాలలో నాకు నచ్చినది చందమామ. చంద్రుడికి గాలి లేదు. ఆకాశం నుంచి వచ్చే ఇనుము వంటి బరువైన కేంద్రకాలు వందల కోట్ల ఏళ్లుగా అతని నేలను నేరుగా ఢీకొడుతూనే ఉన్నాయి. చంద్రుడు ఇంకా ఉన్నాడు. తరువాత స్టార్ ప్రయోగంలో స్ట్రేంజ్‌లెట్‌ల కోసం ప్రత్యేకించి వెతికి, కనబడలేదని 2007లో ప్రచురించారు. భయపెట్టిన వస్తువును దాచిపెట్టక, దానినే వెతికారన్నమాట.

2008 సెప్టెంబరు 10, బుధవారం. జెనీవా యంత్రంలో మొదటిసారి కణాలు తిరిగే రోజు. ఆ రోజున ఢీకొట్టడమే లేదు, సీసం అంతకన్నా లేదు. సీసం 2010 నవంబరులో గాని రాలేదు. అయినా వారం ముందునుంచే టీవీలు ప్రళయం పాట అందుకున్నాయి. అప్పటికి నేను ఉద్యోగంలో ఉన్నాను. తొమ్మిదో తరగతిలో వెనక బల్ల పిల్లవాడు లేచి, “మాస్టారూ, బుధవారం లోకం అయిపోతాదంట గదా, మరి క్వార్టర్లీకి సదవాలా వొద్దా?” అన్నాడు. తరగతి గొల్లున నవ్వింది. వాడు నవ్వలేదు. చదవమనే చెప్పాను. ఆ సాయంత్రం ఫిజిక్సు మాస్టారిని అడిగి చందమామ సంగతి తెలుసుకొని మరునాడు చెప్పాను. మధ్యప్రదేశ్‌లో పదహారేళ్ల బాలిక ఒకతె ఆ వార్తలు చూసి భయంతో ప్రాణం తీసుకున్నదని గురువారం నాటికి వార్త వచ్చింది. దేశం పరికరాలు చేసి పంపినంత శ్రద్ధగా, ఆ పరికరం ఏమి చేస్తుందో దేశభాషలలో రెండు పుటలు రాసి పంపి ఉంటే ఏమయ్యేదని నేను ఇప్పటికీ అనుకుంటాను. మనబోటివాళ్లు బ్లాగులలో ఇటువంటివి రాయడానికి నాకు తెలిసిన పెద్ద కారణం అదే.

కొత్త భౌతికం కోసం జరిగిన వెతుకులాటలన్నిటిలో నన్ను కట్టిపడవేసినది 2018 నాటిది. కరిగిన శూన్యానికి మెలి పడుతుందని, ఆ మెలివల్ల కుడిచేతివాటపు క్వార్కులు, ఎడమచేతివాటపు క్వార్కులు లెక్కలో సమానంగా ఉండవని ఒక సిద్ధాంతం. సంఘాతంలో రెండు కేంద్రకాలూ కొద్దిగా పక్కకు తప్పి ఒరుసుకుంటే, మనకు తెలిసిన ఏ అయస్కాంతానికీ లేనంత బలమైన అయస్కాంతక్షేత్రం క్షణమాత్రం పుడుతుంది. ఆ క్షేత్రం వెంబడి ధనావేశాలు ఒకవైపు, ఋణావేశాలు ఒకవైపు చీలాలి. దీనిని ఖర్జీవ్ మొదలైనవారు ప్రతిపాదించారు. 2009లో స్టార్‌వారు అటువంటి చీలిక వంటిది కనబడుతున్నదన్నారు. అయితే ఆ ద్రవప్రవాహమే అటువంటి భ్రమను కలిగించగలదని కూడా తేలింది. నిజమా, భ్రమా?

తేల్చడానికి కవలలను తెచ్చారు. రుథేనియం, జిర్కోనియం. రెండింటి కేంద్రకాలలోనూ కణాలు తొంభై ఆరే. కాని రుథేనియంలో ప్రోటాన్లు 44, జిర్కోనియంలో 40. బరువొకటే కనుక ప్రవాహపు భ్రమ రెండింటిలోను ఒకటిగా ఉండాలి. ప్రోటాన్లు ఎక్కువైన రుథేనియంలో అయస్కాంతక్షేత్రం బలం కనుక, నిజమైన చీలిక అక్కడ ఎక్కువ కావాలి. ఒక విడత ఇది, ఒక విడత అది, మార్చిమార్చి నడిపారు. ఆపై చేసినది అసలు విశేషం. ఏ లెక్క ఏ కేంద్రకానిదో పరిశీలకులకు తెలియకుండా వేరేవారు కలిపి మూసివేశారు. ఏది కనబడితే అవునన్నట్టు, ఏది కనబడకపోతే కాదన్నట్టు అనే నియమాలు ముందుగానే రాసి పెట్టుకున్నారు. అయిదు బృందాలు విడివిడిగా లెక్కకట్టాయి. వందల కోట్ల సంఘాతాలు. మన పరీక్షల్లో జవాబుపత్రాల మీద పేర్లు మూసివేసి దిద్దించే పద్ధతి ఉన్నది గదా, అదే. మనం పిల్లల విషయంలో చేస్తాము. వారు తమ ఆశ విషయంలో చేసుకున్నారు.

2021 ఆగస్టు 31న మూత తీశారు. ముందుగా రాసుకున్న నియమాల ప్రకారం, ఆ చీలికకు గుర్తు లేదు. రుథేనియం కొలతను జిర్కోనియం కొలతతో భాగిస్తే ఒకటికి మించి రావలసినది తక్కువే వచ్చింది. కవలలు అచ్చంగా కవలలు కారని, ఆకృతిలో పరిమాణంలో స్వల్పభేదం ఉన్నదని, పుట్టిన కణాల సంఖ్యే వేరని అప్పుడు బయటపడింది. ఆ భేదాలనుంచే కేంద్రకాల రూపురేఖలను కొత్తగా కొలవడం నేర్చుకున్నారు, అది వేరే కథ. నియమాలు ముందు రాసుకోకపోయినట్లయితే ఏదో ఒక సమర్థన దొరికేది. వ్యాఖ్యాతలకు సమర్థన దొరకని పద్యం ఉండదని మనకు తెలియదా?

సంఘాతమే లేని సంఘాతాలు కూడా ఉన్నాయి. రెండు సీసపు కేంద్రకాలు తాకకుండా పక్కనుంచి దూసుకుపోతాయి. తాకేవి వాటిచుట్టూ ఉన్న కాంతి మాత్రమే. వెలుగు వెలుగును ఢీకొట్టి చెదరగలదని, రెండింటి నడుమ శూన్యం అందుకు వాహకమవుతుందని 1936లో హైజెన్‌బర్గ్, ఆయ్‌లర్ గణితం చేసి చెప్పారు. మామూలు దీపాలతో ఇది చూడలేము. అయితే సీసంలో ప్రోటాన్లు 82. ఈ అవకాశం ఆ అంకె నాలుగవ ఘాతానికి పెరుగుతుంది, అంటే ప్రోటాన్‌తో పోల్చితే సుమారు నాలుగున్నర కోట్ల రెట్లు. 2015లో నడిపిన సంఘాతాలలో అట్లాస్ ప్రయోగంవారికి ఇటువంటివి పదమూడు దొరికాయి. 2017లో ప్రచురించారు. 2019 నాటికి యాభై తొమ్మిది అయ్యాయి, ఇక సందేహం లేకపోయింది. ఎనభై ఏళ్ల తరువాత! వెలుగు వెలుగును తాకిన ఆ చోట యాక్సియాన్ జాతి కణాలు ఏమైనా ఉన్నాయేమోనని వెతికారు. అక్కడ మళ్లీ సున్న.

బడిలో అయస్కాంతపు కడ్డీని విరిచి చూపిస్తాము. ఎన్ని ముక్కలు చేసినా ప్రతి ముక్కకూ రెండు ధ్రువాలు. ఒకే ధ్రువం ఉన్న కణం పుట్టవచ్చునన్నది పాత ఊహ. గురుకేంద్రకాల అయస్కాంతక్షేత్రం అంత ప్రచండమైనది కనుక, శూన్యం నుంచే ఏకధ్రువాలు జంటలుగా ఊడిపడవచ్చునని, 2018లో సీసం సంఘాతాల పక్కన మోయ్‌డల్ ప్రయోగంవారు అల్యూమినియం కడ్డీలు పెట్టారు. పుట్టినవి అందులో చిక్కుకుంటాయని ఆశ. తరువాత ఆ కడ్డీలను అతి సున్నితమైన అయస్కాంతమాపకం గుండా దాటించి చూశారు. 2022లో ఫలితం: చిక్కలేదు. ఇంత బరువు లోపు ఉండవని హద్దు మాత్రం దొరికింది.

దొరికినది ఒకటి చెప్పాలి. సీసంలో ప్రోటాన్లు 82, బంగారంలో 79. పక్కనుంచి దూసుకుపోయే సీసం మూడు ప్రోటాన్లను రాల్చుకుంటే బంగారమవుతుంది. వేమన్న పేరు చుట్టూ, సిద్ధనాగార్జునుని పేరు చుట్టూ మనవారు అల్లుకున్న పరుసవేది కథలన్నీ ఇందుకే గదా. 2015 నుంచి 2018 వరకు ఆ యంత్రంలోని నాలుగు ప్రయోగాల వద్ద ఇట్లా 8,600 కోట్ల బంగారు కేంద్రకాలు పుట్టాయని ఆలిస్ ప్రయోగంవారు 2025లో లెక్క తేల్చారు. తూకం వేస్తే గ్రామును లక్ష కోట్ల భాగాలు చేయగా అందులో ఇరవై తొమ్మిది భాగాలు. అదీ పుట్టిన మరుక్షణం గొట్టపు గోడకు కొట్టుకొని చెదరిపోయినదే.

భువనేశ్వరం దగ్గర ఖుర్దారోడ్డు జంక్షన్ ఉన్న ఊరు జట్నీ. మన రైళ్లు ఆగే స్టేషనే. 2007లో ఆరంభమైన నైసర్ అనే విజ్ఞానసంస్థ ఆవరణ ఆ ఊళ్లోనే ఉంది. స్టార్, ఆలిస్ ప్రయోగాలు రెండింటిలోనూ అక్కడివారు భాగస్వాములు. ఆ దారిన పోయే మన పిల్లలెవరైనా కిటికీలోంచి చూసి దిగితే బాగుండును.

ఇక 2025 జులైలో జెనీవా యంత్రంలో మొదటిసారిగా ఆక్సిజన్‌తో ఆక్సిజన్‌ను, నియాన్‌తో నియాన్‌ను ఢీకొట్టించారు. ఆక్సిజన్‌లో పదహారు కణాలు, నియాన్‌లో ఇరవై. సీసం ముందు ఇవి లఘువులు. ఇంత కొద్ది కణాలతో కూడా ఆ ద్రవం పుడుతుందా, పుట్టితే ఎంత చిన్న చుక్కను ద్రవమనవచ్చు అన్నది అక్కడి ప్రశ్న.